కాపలా ఉన్నవాడే ఖైదీని ఎందుకు తప్పిస్తాడు?

మీ తమ్ముడు జైలు వార్డర్‌గా సెలెక్ట్ అయ్యాడని, అమెరికాలో ఒక మహిళా జైలు అధికారి ఖైదీని తనే కారులో ఎక్కించుకుని పారిపోయిన వార్త చదివాక మీ అమ్మగారు టెన్షన్ పడుతున్నారని రాశారు. ప్రభుత్వ ఉద్యోగం, నెల జీతం, సమాజంలో గౌరవం అన్నీ ఉన్న మనిషి ఒక ఖైదీ కోసం వాటన్నిటినీ ఎందుకు పోగొట్టుకుంటాడన్నది మీ ప్రశ్న. నేను 31 ఏళ్లు జైళ్ల శాఖలో పనిచేశాను. వార్డర్‌గా చేరి డిప్యూటీ జైలర్‌గా రిటైరయ్యాను. మీ ప్రశ్న నాకు చాలా దగ్గరిది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డబ్బు తీసుకుని తాళం తీసేవాళ్లు లేరని నేననను. 2001 జనవరిలో మెక్సికోలోని పుఎంతే గ్రాందే జైలు నుంచి ఎల్ చాపో గుజ్‌మాన్ అనే మాదకద్రవ్యాల ముఠా నాయకుడు మాసిన బట్టల బండిలో దాక్కుని బయటపడ్డాడు. ఆ జైలు సిబ్బందిలో చాలామంది అప్పటికే అతని జీతగాళ్లలా ఉన్నారని తర్వాత తేలింది. అక్కడ అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. ఒక చేతిలో డబ్బు, ఇంకో చేతిలో తుపాకీ. కానీ మీరు అడుగుతున్నది మామూలు మనిషి గురించి, మంచి పేరున్న మనిషి గురించి. నేను చూసినంతలో అలాంటి మనిషి 'ఇతన్ని తప్పించేద్దాం' అనుకుని మొదలుపెట్టడు. ముందు ఒక చిన్న పని చేసిపెడతాడు. అది బయటపడకుండా ఉండాలని రెండోది చేస్తాడు. మూడోది అడిగేసరికి కాదనే ధైర్యం అతని దగ్గర మిగలదు.

ఇది మొదటినుంచి చివరిదాకా కనిపించే కేసు ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గర్లో, డానెమోరా అనే చిన్న ఊరు. అక్కడి క్లింటన్ జైలు గోడ ఊరి వీధిని ఆనుకునే ఉంటుంది. 2015 జూన్ 6 తెల్లవారుజామున లెక్క తీసుకోవడానికి వచ్చిన సిబ్బందికి పక్కపక్క గదుల్లో ఉండాల్సిన ఇద్దరు కనబడలేదు. రిచర్డ్ మాట్, డేవిడ్ స్వెట్. ఇద్దరూ హత్య కేసుల్లో శిక్ష పడ్డవాళ్లే, స్వెట్ చంపింది ఒక పోలీసు ఉద్యోగిని. మంచాల మీద మనుషులు పడుకున్నట్టు బట్టలు కుక్కి పెట్టారు. గది వెనకనున్న ఉక్కు రేకును కోసి, గోడ వెనక నడవలోకి దిగి, ఇటుక గోడ పగలగొట్టి, ఆవిరి గొట్టాన్ని కోసి అందులో పాక్కుంటూ వెళ్లి, జైలు బయట వీధిలో మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని పైకొచ్చారు. అది నెలల తరబడి రాత్రిళ్లు చేసిన పని. రాత్రి లెక్క తీసేటప్పుడు మంచం మీద మనిషి ఊపిరి తీస్తున్నాడో లేదో చూడాలి. అక్కడ చాలాకాలంగా అలా చూడటమే మానేశారని తర్వాత రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణలో తేలింది.

వాళ్లకు ఉపయోగపడ్డ జైలు మనుషులు ఇద్దరు. ఒకరు జాయిస్ మిచెల్. 51 ఏళ్లు. ఖైదీలు బట్టలు కుట్టే షాపులో సూపర్‌వైజర్. భర్త కూడా ఆ జైల్లోనే ఉద్యోగి. రెండో మనిషి జీన్ పామర్, యూనిఫాం వేసుకున్న గార్డు, 27 ఏళ్లకు పైగా సర్వీసున్నవాడు. జాయిస్ హాక్సా బ్లేడ్లను ఖీమాలో పెట్టి, గడ్డకట్టించి జైలుకు తెచ్చింది. ఆ పొట్లాన్ని మాట్‌కు ఇమ్మని పామర్ చేతిలో పెట్టింది. పామర్ దాన్ని మెటల్ డిటెక్టర్‌లో పెట్టకుండానే తీసుకెళ్లి ఇచ్చేశాడు. లోపల బ్లేడ్లున్నాయని తనకు తెలియదన్నాడు. తప్పించుకునే ప్లాన్ అతనికి తెలుసని ప్రాసిక్యూషన్ కూడా అనలేదు.

మీ తమ్ముడు బాగా తెలుసుకోవాల్సింది పామర్ సంగతి. ఆ ఖైదీలు బయటపడటానికి దారి వేసిన చేతుల్లో అతని చేయి కూడా ఉంది. ఆ విషయం అతనికి మాత్రం తెలియదు. మాట్ బొమ్మలు బాగా గీసేవాడు. పెయింటింగులు వేసి పామర్‌కు ఇచ్చేవాడు. అంతకన్నా విలువైనది ఇంకోటి ఇచ్చేవాడు, సమాచారం. బ్లాక్‌లో ఎవరు ఏం దాచారు, ఎవరు ఎవరిని కొట్టబోతున్నారు అని. బదులుగా పామర్ రంగులు, కుంచెలు తెచ్చిపెట్టాడు. తర్వాత స్క్రూడ్రైవర్, పట్టకారు ఇచ్చాడు. గదిలో వంట చేసుకోవడానికి కరెంటు వైర్లు మార్చుకుంటామంటే గోడ వెనక నడవలోకి కూడా వెళ్లనిచ్చాడు. వాళ్లు తర్వాత పారిపోయింది ఆ నడవ మీదుగానే. ఇద్దరు హంతకులు ఊరి మీద పడ్డారని తెలిశాక అతను ఇంటికెళ్లి కొన్ని పెయింటింగులు కాల్చేశాడు, కొన్ని అడవిలో పాతిపెట్టాడు. ఆ భయం ఎలాంటిదో నేను ఊహించగలను.

బయటివాళ్లకు ఇది లంచం కథలాగే కనబడుతుంది. లోపల పనిచేసినవాడికి ఇంకోలా కనబడుతుంది. 1950ల్లో న్యూజెర్సీ రాష్ట్ర జైల్లో పరిశోధన చేసిన గ్రెషమ్ సైక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని సరిగ్గా పట్టుకున్నాడు. గార్డు చేతిలో అధికారమంతా ఉన్నట్టే ఉంటుంది గానీ, వందమంది ఖైదీలను ఒక్కడు బలవంతంగా నడిపించలేడు. బ్లాక్ ఎంత ప్రశాంతంగా ఉందన్నదాన్ని బట్టే పైవాళ్లు అతన్ని మంచి గార్డు అంటారు. ఆ ప్రశాంతత ఖైదీల చేతుల్లో ఉంటుంది. అందుకని కొన్నిటికి చూసీచూడనట్టు పోతాడు, బదులుగా వాళ్లు గొడవ చేయకుండా ఉంటారు. రోజంతా కలిసి ఉండటంతో స్నేహం కూడా కలుస్తుంది. మన దగ్గరా ఇంతే. 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లు వాటి సామర్థ్యంలో 131 శాతం నిండి ఉన్నాయి. ఒక్కో రాత్రి డ్యూటీలో నా కింద ఎన్ని బ్యారక్‌లు ఉండేవో చెబితే మీ అమ్మగారు ఇంకా భయపడతారు కాబట్టి రాయను. లోపలి కబురు చెప్పే ఖైదీ ఒకడు లేకపోతే ఆ డ్యూటీ నడవదు. పామర్ చేసిన తప్పు మాట్ చెప్పింది వినడం కాదు. విన్నదాన్ని పైవాళ్లకు రాసి ఇవ్వాల్సింది పోయి, దానికి బదులు తన చేత్తో వస్తువులు తెచ్చి ఇవ్వడం.

జాయిస్ మిచెల్‌ది వేరే దారి. ముందు స్వెట్‌తో చనువు పెరిగింది. అనుమానం వచ్చి అతన్ని ఆ షాపు నుంచి మార్చేశారు. మాట్ అక్కడే ఉండిపోయాడు. ఆమె పిల్లల బొమ్మ వేసి ఇచ్చాడు. ఆమె చెప్పేది వినేవాడు. భర్త తనని ప్రేమించడం లేదేమోనని అనిపించిన రోజుల్లో ఈ ఇద్దరూ తనతో శ్రద్ధగా మాట్లాడేవారని, అది నచ్చిందని తర్వాత ఆమే ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పింది. మొదట తినుబండారాలు, ఆ తర్వాత లైట్లున్న కళ్లజోళ్లు, ఆపైన బ్లేడ్లు. ఆమె బ్యాగును గేటు దగ్గర సరిగా వెతికినవాళ్లు లేరు, రోజూ వచ్చే మనిషే కదా. ఆ రాత్రి ఆమె కారుతో వచ్చి మ్యాన్‌హోల్ దగ్గర వాళ్లను ఎక్కించుకోవాలి. అంతలో ఆమెకు గుండె దడ పట్టుకుని ఆసుపత్రిలో చేరింది, వెళ్లలేదు. వెనక్కి తగ్గాలనుకున్నప్పుడు భర్తను చంపిస్తామని మాట్ బెదిరించాడని కూడా చెప్పింది. మూడు వారాల గాలింపు, వెయ్యిమందికి పైగా పోలీసులు, సుమారు 2.3 కోట్ల డాలర్ల ఖర్చు. జూన్ 26న మాట్‌ను కాల్చి చంపారు, 28న స్వెట్ గాయాలతో దొరికాడు. జాయిస్‌కు రెండేళ్ల నాలుగు నెలల నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడింది. పామర్‌కు ఆరు నెలలు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. దూరం నుంచి చదివితే వీళ్లంతా తెలివితక్కువ మనుషుల్లా అనిపిస్తారు, వాళ్లు అలాంటివాళ్లు కాదు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక సెంట్రల్ జైల్లో వడ్రంగం షెడ్డు దగ్గర నాకు డ్యూటీ. మా పాపకు అప్పుడు మూడేళ్లు, పది రోజులుగా జ్వరం విడవట్లేదు. నేను ఆ సంగతి తోటి వార్డర్‌తో గేటు దగ్గర చెప్పుకున్నాను, అంతే. మర్నాడు షెడ్డులో యావజ్జీవం పడ్డ పెద్దాయన ఒకడు రంపం పక్కన పెట్టి, "పాపకు జ్వరం తగ్గిందా సార్?" అని అడిగాడు. ఆ వారంలో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి అతనే. పై అధికారులు అడగలేదు, తోటివాళ్లు అడగలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు రోజుల తర్వాత అరచేతిలో పట్టేంత చెక్క ఎడ్లబండి ఒకటి నా చేతిలో పెట్టాడు. చక్రాలు తిరుగుతున్నాయి. ఎద్దుల కొమ్ములకు ఎర్రరంగు కూడా వేశాడు. "పాపకివ్వండి సార్, నాకూ ఆ వయసు మనవరాలుంది" అన్నాడు. క్యారియర్ పైగిన్నెలో పెట్టుకుని గేటు దాటాను. సెంట్రీ నా స్నేహితుడే, గిన్నె తెరవమని అనలేదు.

ఇంకో రెండు వారాలకు మడిచిన కాగితం ఒకటి ఇచ్చాడు. "ఇంటికి ఉత్తరం సార్. ఆఫీసులో ఇస్తే ఎప్పటికో వెళ్తుంది. బయట డబ్బాలో వేస్తారా?" అన్నాడు. ఎడ్లబండి గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, అది మా ఇద్దరి మధ్యా అక్కడే ఉంది. కాగితం జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా భార్య అడిగితే చెప్పాను. "పొద్దున్నే వెళ్లి మీ పెద్దవాళ్లకిచ్చెయ్యండి, బొమ్మ కూడా" అంది. బొమ్మ తీసుకుంటుంటే పాప ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

మా హెడ్ వార్డర్ రెండిటినీ సూపరింటెండెంట్ గారి టేబుల్ మీద పెట్టించాడు. ఆయన ఉత్తరం విప్పి చదివారు. పొలం కౌలు, గేదె ఈనిందా లేదా, అంతే. చదివి నా వైపు చూసి, "ఏమీ లేని ఉత్తరానికి ఆఫీసు దారి ఉంది కదయ్యా. నీ జేబెందుకు?" అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. అతనికి కావలసింది ఆ ఉత్తరం చేరడం కాదు, నా జేబు పనిచేస్తుందో లేదో చూడటం. నాకు మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంట్ ఆపారు, షెడ్డు నుంచి మార్చారు. ఉద్యోగం మిగిలింది. ఆ పెద్దాయన నిజంగానే మా పాప గురించి బాధపడ్డాడని ఇప్పటికీ నమ్ముతాను. జైల్లో ప్రేమ, అవసరం రెండూ ఒకే మనిషిలో కలిసే ఉంటాయి. మొత్తం నాటకమే అయితే గుర్తుపట్టడం తేలికయ్యేది.

ఖైదీకి ఇరవై నాలుగు గంటలూ ఖాళీ. మనల్ని చూడటం తప్ప అతనికి వేరే కాలక్షేపం ఉండదు. ఎవరి బూట్లు అరిగాయి, ఎవరు ఫోన్ మాట్లాడి వచ్చి మొహం మాడ్చుకున్నారు, ఎవరికి ప్రమోషన్ తప్పింది, ఎవరికి ఇంట్లో పడట్లేదు, అన్నీ అతనికి తెలుస్తాయి. మనకు అతని ఫైలు తెలుసు, అతనికి మన బతుకు తెలుసు. డ్యూటీకి వచ్చిన మనిషి లోపల ఎంత ఒంటరిగా ఉంటే అతని పని అంత సులువు.

మీ అమ్మగారు చదివిన ఆ మహిళా అధికారి కేసు అమెరికాలోని అలబామా రాష్ట్రంలోది, అది దీనికి చివరి మెట్టు. విక్కీ వైట్, లాడర్‌డేల్ కౌంటీ జైల్లో అసిస్టెంట్ డైరెక్టర్, 56 ఏళ్లు, దాదాపు 17 ఏళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు. తోటివాళ్లంతా ఆదర్శ ఉద్యోగి అనేవారు. 2022 ఏప్రిల్ 29న కేసీ వైట్ అనే ఖైదీని మానసిక పరీక్ష కోసం కోర్టుకు తీసుకెళ్తున్నానని చెప్పి ఒక్కతే బయటికి తీసుకెళ్లింది. ఇంటిపేరు ఒకటే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. అతనికి అప్పటికే 75 ఏళ్ల శిక్ష ఉంది, ఆపైన హత్య కేసు. అలాంటి ఖైదీ వెంట ఇద్దరు డిప్యూటీలు ఉండాలన్నది అక్కడి రూలు. ఆ రోజు కోర్టులో అతని పేరు మీద ఏ పనీ లేదు. అది ఆమె ఉద్యోగంలో ఆఖరి రోజు, రిటైర్‌మెంట్ కాగితాలు పెట్టేసింది. ఇల్లు మార్కెట్ ధర కన్నా బాగా తక్కువకు ముందే అమ్మేసింది. అతను వేరే జైల్లో ఉన్న కాలంలో ఇద్దరి మధ్యా వందల ఫోన్ కాల్స్ నడిచాయని తర్వాత బయటపడింది. మే 9న ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో పోలీసులు వెంటపడి కారును పడగొట్టాక, ఆమె తుపాకీతో కాల్చుకుని చనిపోయింది.

ఆమెకు రూలు తెలియక కాదు, ఆ రూళ్లు అమలు చేసే కుర్చీలో ఉన్నది ఆమే. అన్ని ఏళ్ల నమ్మకమే ఆమెకు తాళంచెవి. ఒక్కతే తీసుకెళ్తానంటే ఆపగల మనిషి ఆ గేటు దగ్గర లేడు. మీ తమ్ముడికి చెప్పండి, తన బ్యాగు రోజూ వెతికే సెంట్రీ మీద కోపం తెచ్చుకోవద్దని. ఆ సెంట్రీ అతన్ని అవమానించట్లేదు, కాపాడుతున్నాడు. నా క్యారియర్ గిన్నె ఆ రోజు తెరిచి ఉంటే నాకు ఆ రెండు వారాల బరువు ఉండేది కాదు.

మన దేశంలో అందరికీ తెలిసిన కథ వరుస హత్యల నేరస్తుడు చార్లెస్ శోభరాజ్‌ది. 1986 మార్చి 16న తీహార్ జైల్లో పుట్టినరోజని చెప్పి మత్తుమందు కలిపిన మిఠాయిలు పంచాడు. సిబ్బంది తిన్నారు, పడిపోయారు, అతను నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అతను గోవాలో దొరికింది ఏప్రిల్ 6న. ఖైదీ పెట్టిన మిఠాయి నోట్లో వేసుకోవడం మామూలైపోయిన జైలు కాబట్టే అది కుదిరింది.

మన పాత చట్టం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్‌లో 9వ సెక్షన్ ఏమంటుందంటే, జైలు అధికారి ఖైదీకి ఏదీ అమ్మకూడదు, ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ డబ్బు వ్యవహారం పెట్టుకోకూడదు. ఇక శిక్ష పడ్డ ఖైదీని కావాలని తప్పించుకోనిస్తే భారతీయ న్యాయ సంహిత 260వ సెక్షన్ వర్తిస్తుంది. ఉరిశిక్ష పడ్డవాడిని వదిలితే యావజ్జీవం దాకా, యావజ్జీవం పడ్డవాడిని వదిలితే ఏడేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యం వల్ల తప్పించుకున్నా 261 కింద రెండేళ్ల వరకు పడొచ్చు. ట్రైనింగ్‌లో ఇవన్నీ చెబుతారు, పరీక్షలో రాయిస్తారు కూడా.

చట్టం భయం మొదటి తప్పును ఆపుతుందేమో గానీ, రెండో తప్పును అదే పుట్టిస్తుంది. నా మనసులో చాలా ఏళ్లుగా ఉన్న బాధ ఇది. ఖైదీకి బీడీకట్ట ఇచ్చిన కుర్రాడు మర్నాడు వచ్చి "సార్, నేనిలా చేశాను" అని చెబితే సస్పెండ్ చేస్తే, ఆ తర్వాత ఏ కుర్రాడూ వచ్చి చెప్పడు. ఖైదీ ఆ భయాన్నే పట్టుకుంటాడు. "మొన్న బీడీలు తెచ్చారు కదా సార్, ఈసారి సిమ్ కార్డు." అప్పుడతనికి రెండే దారులు, ఇవ్వడం లేదా ఉద్యోగం పోగొట్టుకోవడం. మా సూపరింటెండెంట్ గారు ఆ రోజు నన్ను బయటికి నెట్టి ఉంటే రూలు ప్రకారం తప్పేమీ కాదు. కానీ నా వెనకాల వచ్చిన కుర్రాళ్లు నోరు మూసుకునేవాళ్లు. నేను డిప్యూటీ జైలర్ అయ్యాక నా దగ్గరికి అలా వచ్చి చెప్పినవాళ్లు ఏడుగురు. ఏడుగురికీ మెమో ఇచ్చాను, ఏడుగురినీ డ్యూటీ మార్చాను, ఒక్కరినీ పోగొట్టుకోలేదు. ఇంటికి పంపాల్సింది దొరికిపోయినవాణ్ణి, తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ణి కాదు. ఇద్దరికీ ఒకే శిక్ష వేసే జైల్లో నిజం ఎవరూ చెప్పరు.

మీ తమ్ముడి విషయానికొస్తే, చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు "కొత్తగా వచ్చారా సార్, ఏ ఊరు మనది?" అని పలకరిస్తారు. మొహం తిప్పుకోనక్కర్లేదు, కసురుకోనక్కర్లేదు. ఖైదీ కూడా మనిషే, మర్యాదగా మాట్లాడాలి. ఊరు, ఇల్లు, పిల్లలు, అప్పులు మాత్రం అక్కడ మాట్లాడకూడదు, తోటి వార్డర్‌తో కూడా బ్యారక్ వినికిడిలో మాట్లాడకూడదు. ఎవరైనా ఏదైనా అడిగితే, అది తలనొప్పి మాత్రే అయినా, చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకుని, సాయంత్రం డ్యూటీ దిగేముందు హెడ్ వార్డర్‌కు చూపించమనండి. ఆయన విసుక్కోవచ్చు. విసుక్కున్నా సరే, చూపించాలి. ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే అది ఇంటిదాకా రాకముందే పైవాళ్లకు ఇచ్చెయ్యాలి.

మీ అమ్మగారికి కూడా ఒక పని ఉంది. తమ్ముడు సెలవుకు ఇంటికొచ్చినప్పుడు తిన్నావా, పడుకున్నావా అని అడిగి వదిలెయ్యకుండా, ఈ వారం డ్యూటీలో ఎవరు నీతో ఏం మాట్లాడారని అడగమనండి. మొదట్లో "ఏముందమ్మా, మామూలే" అంటాడు. రెండోసారి అడగమనండి.